బంకర్‌లో ఏం నింపాలి?



బంకర్ అంటే ఏమిటో మన బొగ్గు బెల్టులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బాయిలోంచి పైకి వచ్చిన బొగ్గు కన్వేయర్ బెల్టు మీద సాగి వెళ్లి చేరే ఎత్తయిన కట్టడం అది. కింద వ్యాగన్ వచ్చి నిలబడితే పైనుంచి బొగ్గు ధార కడుతుంది. లేచిన దుమ్ము చుట్టుపక్కల ఇళ్ల గడపల మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఇదే మాట ప్రపంచంలోని ప్రతి పెద్ద ఓడరేవులోనూ రోజూ వినబడుతుంది. అక్కడ బంకర్ అంటే ఓడ తన ప్రయాణం కోసం నింపుకునే ఇంధనం. సింగపూర్‌లోనో ఫుజైరాలోనో ఇవాళ బంకర్ నింపుకునే ఓడల్లో బొగ్గు ఉండదు. మాట మాత్రం బొగ్గుదే. ఆవిరి ఓడల కాలంలో ఓడ కడుపులో బొగ్గు పోసుకునే గదులను బంకర్లు అనేవారు. బొగ్గు పోయి చమురు వచ్చినా పేరు అలాగే నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ చమురుకూ రోజులు దగ్గరపడుతున్నాయి. దాని స్థానంలో ఏం నింపాలి, దేంట్లో నింపాలి అన్నది ప్రపంచంలోని నౌకా నిర్మాణ కేంద్రాలన్నీ తలకెత్తుకున్న ప్రశ్న. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రామగుండంలో దాని గురించి మాట్లాడుకోవడం ఎందుకంటారా? ఆ ఓడల్లో కొత్తగా నింపాలనుకుంటున్న మూడు ఇంధనాల్లో ఒకటి మన బాయిల్లో తరతరాలుగా ఉన్న గ్యాసు. ఇంకొకటి బొగ్గు నుంచి తీయగలిగినది. మూడోది మన ఎరువుల కర్మాగారంలో రోజూ తయారవుతున్నది. అందుకే ఈ ప్రశ్న మనకు పరాయిది కాదంటున్నాను.

ముందు పాత బంకర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. బొగ్గు ఓడల్లో ట్రిమ్మర్లు అనే కార్మికులు ఉండేవారు. చీకటి గదుల్లో, ఊపిరాడని ధూళిలో, పారలతో బొగ్గును ఈ మూల నుంచి ఆ మూలకు సర్దడమే వాళ్ల పని. ఒకవైపు బొగ్గు ముందుగా ఖాళీ అయితే ఓడ రెండోవైపుకు ఒరుగుతుంది. అంటే ఇంధనం ఎక్కడ ఉంది, ఎంత బరువుంది అన్నది అప్పుడే ఓడ ప్రాణానికి సంబంధించిన విషయం. రెండో ప్రమాదం మనవాళ్లకు బాగా తెలిసినదే: కుప్ప పోసిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవడం. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ రేవు నుంచి బయల్దేరేటప్పటికే దాని బంకర్లలో ఒకదానిలో బొగ్గు రగులుతోంది. ప్రయాణం మొదలైన కొన్ని రోజులకు గానీ దాన్ని చల్లార్చలేకపోయారు.

చమురు వచ్చాక ఈ బాధలు చాలావరకు తీరాయి. ఓడలు కాల్చే బరువైన చమురు తారులా చిక్కగా ఉంటుంది, వేడి చేస్తే గానీ పైపులో కదలదు. అయినా దానిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఏ ఆకారంలో చోటు ఉంటే ఆ ఆకారంలో ఒదుగుతుంది. ఇంజన్ గది పక్కన వంకర మూల మిగిలిందా, నాలుగు ఉక్కు పలకలు వెల్డింగ్ చేస్తే అదే ట్యాంకు. వందేళ్లుగా ఓడను గీసే ఇంజనీరు సరుకుకు, ఇంజనుకు చోటు చూసిన తర్వాతే, మిగిలిన మూలల్లో ఇంధనాన్ని సర్దుతూ వచ్చాడు. కొత్త ఇంధనాలు ఆ అలవాటును తలకిందులు చేశాయి. ఇప్పుడు ట్యాంకు ముందు, మిగతావన్నీ దాని తర్వాత.

ఈ మార్పు ఎందుకు తప్పదో చెబుతాను. మనుషుల వల్ల గాలిలో కలిసే వేడిపుట్టించే వాయువుల్లో దాదాపు మూడు శాతం ఓడల నుంచే వస్తోంది. ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుంచి ఓడల చమురులో గంధకాన్ని అర శాతానికి కుదించింది. 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, ఓడల నుంచి నికరంగా ఏమీ వెలువడని స్థితికి చేరాలని 2023లో సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. ఓడ ఒకసారి నీళ్లలోకి దిగితే పాతికేళ్లు తిరుగుతుంది. కాబట్టి 2050లో తిరిగే ఓడల్లో కొన్నింటిని ఇప్పుడే గీస్తున్నారు.

ఇక మనం మాట్లాడుకునే ఓడ ఎంత పెద్దదో ఊహించుకుందాం. ముడిచమురు మోసే మహా ట్యాంకర్ పొడవు 330 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. రామగుండం స్టేషన్ దాటే బొగ్గు రేకులో సగం పొడవన్నమాట. కానీ మోసే బరువు చూడండి. ఒక రేకు సుమారు నాలుగు వేల టన్నుల బొగ్గు మోస్తే, ఈ ఓడ ఒక్క విడతలో మూడు లక్షల టన్నుల చమురు మోస్తుంది. డెబ్బై అయిదు రేకుల సరుకు! మన కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లిన బిడ్డలు అక్కడి తీరాల్లో ఇలాంటి ఓడలను చూసే ఉంటారు. గల్ఫ్‌లో నింపుకుని చైనా చేరడానికి వాటికి ఇరవై రోజుల దాకా పడుతుంది. విశాఖపట్నంలో భూమి అడుగున రాతిని తొలిచి కట్టిన గుహల్లో దేశం కోసం 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు దాచుకునే ఏర్పాటు ఉంది. దాన్ని నింపాలంటే ఇలాంటి ఓడలు నాలుగైదు రావాలి.

ఇలాంటి ఓడ రోజుకు అరవై టన్నుల చమురు కాలుస్తుందనుకుందాం. వేగాన్ని బట్టి, ఓడ వయసును బట్టి అటూ ఇటూ అవుతుంది, లెక్క కోసం అరవై అనుకుందాం. నలభై రోజులకు 2,400 టన్నులు, అంటే సుమారు రెండున్నర వేల ఘనపు మీటర్ల ట్యాంకు చాలు. అదే శక్తిని ద్రవ సహజవాయువు నుంచి, అంటే ఎల్‌ఎన్‌జీ నుంచి తీసుకోవాలంటే 4,400 ఘనపు మీటర్లు కావాలి. మిథనాల్ అయితే ఆరు వేలు దాటుతుంది. అమ్మోనియా అయితే ఏడున్నర వేలు, అంటే మూడింతలు. పైన వేసే చలి కవచం మందం ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. కంటైనర్లు మోసే ఓడకు ఈ లెక్క గుండె గుభేలుమనిపిస్తుంది, ఎందుకంటే ట్యాంకు మింగిన ప్రతి అడుగూ సరుకు పోగొట్టుకున్న అడుగే. ముడిచమురు ట్యాంకర్‌కు అంత బాధ లేదు. దాని సరుకంతా డెక్ కింద ఉంటుంది. పైన పైపులు తప్ప అంతా ఖాళీ మైదానం. కాబట్టి కొత్త ట్యాంకులను డెక్ మీదనే పెడుతున్నారు. 2018లో నీటిలోకి వచ్చిన గగారిన్ ప్రాస్పెక్ట్ అనే రష్యా ట్యాంకర్ ఇలాగే డెక్ మీద రెండు ఎల్‌ఎన్‌జీ ట్యాంకులతో తిరగడం మొదలుపెట్టింది. ఇలా ఎల్‌ఎన్‌జీతో నడిచే మహా ట్యాంకర్లలో మొదటిది చైనాలోని దాలియన్ షిప్‌యార్డు 2022 ఫిబ్రవరిలో అప్పగించిన యువాన్ రుయ్ యాంగ్. దాని డెక్ మీద ఒక్కోటి 3,500 ఘనపు మీటర్ల ట్యాంకులు రెండు ఉన్నాయి.

డెక్ ఖాళీగా ఉంది కదా అని ఎక్కడంటే అక్కడ పెట్టడానికి లేదు. ఓడ నడిపేవాడు వెనక ఉన్న గదిలోంచి ముందుకు చూస్తాడు. ముక్కు ముందు 500 మీటర్లకు మించి సముద్రం కనబడకుండా పోకూడదని నిబంధన. అంటే ట్యాంకు ఎత్తుకు అక్కడే హద్దు పడింది. మరో ఓడ పక్కనుంచి ఢీకొడితే ట్యాంకుకు తగలకూడదు కాబట్టి, ఇంత వెడల్పున్న ఓడలో పక్క అంచు నుంచి పదకొండున్నర మీటర్లు లోపలికి జరగాలి. మధ్యలో చమురు ఎక్కించే పైపుల ముఖద్వారం, గొట్టాలు ఎత్తే క్రేను, హెలికాప్టర్ దిగే చోటు ఉంటాయి. వీటన్నిటినీ తప్పించుకుని చివరికి ట్యాంకులు సిబ్బంది నివాసానికి ముందు, రెండు పక్కలా వచ్చి కూర్చుంటాయి. మనుషులు పడుకునే గదులకు అంత దగ్గరగా ప్రమాదాన్ని తెచ్చి పెడుతున్నామన్న మాట ఇక్కడే గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఎల్‌ఎన్‌జీ అంటే ప్రధానంగా మీథేన్. మా బాపు బాయిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు సేఫ్టీ ల్యాంపు పట్టుకుని పనిస్థలమంతా తిరిగేవాడు. దీపం వత్తిని బాగా తగ్గించి పైకప్పు దగ్గరికి మెల్లగా ఎత్తేవాడట. మీథేన్ ఉంటే మంట మీద నీలం రంగు టోపీలాంటి వెలుగు కనబడుతుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గ్యాసు ఎంతుందో చెప్పేవాడు. ఒకటింపావు శాతం దాటితే కరెంటు తీసేయాలి, మనుషులు బయటికి రావాలి. అయిదు శాతం చేరితే పేలడానికి సిద్ధమైనట్టే. ఈ గ్యాసు గాలి కంటే తేలిక, కప్పుకే అంటుకుని ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ బరువు, నేల మీద పరుచుకుంటుంది. "ఏ గ్యాసు ఎక్కడ కూసుంటదో తెలిస్తేనే బాయిల బతుకుతవు" అనేవాడు బాపు. ఓడ ట్యాంకుల డిజైన్ గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఈ మాటకు మించినది కనబడలేదు.

ఆ మీథేన్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై ఆరు వందలో వంతు చోటులో ఇముడుతుంది. ఆ చలిలో మామూలు ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. ఉక్కుకు చలి ఎంత చేటో మహా ట్యాంకర్లు పుట్టకముందే ఓ ట్యాంకర్ చూపించింది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, అప్పుడే కట్టి రేవులో నిలిపి ఉంచిన స్కెనెక్టడీ అనే ట్యాంకర్, తుఫాను లేదు ఢీకొన్నది లేదు, నిలబడ్డచోటే నడిమికి విరిగింది. చలికి ఉక్కు పెళుసెక్కింది, వెల్డింగ్ లోపాల దగ్గర పగులు మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులో అదే దేశంలో క్లీవ్‌లాండ్ నగరంలో ద్రవ సహజవాయువు ట్యాంకు పగిలి 130 మంది దాకా చనిపోయారు. ఆ ట్యాంకు ఉక్కులో నికెల్ మూడున్నర శాతం. ఇవాళ ఎల్‌ఎన్‌జీ ట్యాంకులకు తొమ్మిది శాతం నికెల్ ఉక్కు వాడుతున్నారంటే దాని వెనక అన్ని చితులున్నాయి.

చల్లని ట్యాంకు ఇంకో పని చేస్తుంది, ముడుచుకుంటుంది. ముప్పై మీటర్ల పొడవున్న ట్యాంకు, ఎల్‌ఎన్‌జీ నింపగానే అయిదు సెంటీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది. పైగా కింద ఉన్న డెక్ కూడా నిశ్చలంగా ఉండదు. పెద్ద అలల మీద 330 మీటర్ల ఓడ విల్లులా వంగి లేస్తూ ఉంటుంది. అందుకని స్తూపాకారపు ట్యాంకును రెండు పీటల మీద పడుకోబెడతారు. ఒక పీటకు బిగిస్తారు, రెండో పీట మీద జారనిస్తారు. రెండూ బిగించారో, ఓడ వంగిన ప్రతిసారీ ట్యాంకు మెడ విరిచినట్టే. రైలు పట్టాల మధ్య సందు వదిలిన పాత మేస్త్రీకి ఈ కిటుకు కొత్తగా అనిపించదు.

మీథేన్‌తో ఒక పేచీ ఉంది. కాలకుండా తప్పించుకుని గాలిలో కలిసిన మీథేన్, వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు చెడ్డది. కాబట్టి ఎల్‌ఎన్‌జీ ఓడ ఇవాళ నడుస్తున్నదే అయినా, గమ్యం అది కాదు. మజిలీ మాత్రమే.

మిథనాల్ గురించి చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే అది మంచి మనిషిలాంటి ద్రవం. మామూలు వేడిలో ద్రవంగానే ఉంటుంది, చలి కవచం అక్కర్లేదు. లోపల తగిన పూత వేసి, పైన నైట్రోజన్ నింపి, చుట్టూ ఖాళీ గదుల రక్షణ కడితే ఓడ కడుపులోనే సర్దుకుంటుంది. పన్నెండు డిగ్రీలకే మంటపట్టే ఆవిరి ఇస్తుందని, పగటి వెలుగులో దాని మంట కంటికి సరిగా ఆనదని, తాగితే చూపు పోతుందని, ప్రాణమే తీస్తుందని మరిచిపోకుండా ఉంటే చాలు. బొగ్గు నుంచి దాన్ని తీయవచ్చని మన హైదరాబాద్‌లోనే భెల్ సంస్థ చేసి చూపింది. బూడిద ఎక్కువగా ఉండే మన దేశపు బొగ్గుతో రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగ కర్మాగారాన్ని 2022 జనవరిలో జాతికి అంకితం చేశారు. పావు టన్ను చిన్న మొత్తమే. కానీ మన బొగ్గుకు బూడిద ఎక్కువని, గ్యాసుగా మార్చడానికి పనికిరాదని చాలా ఏళ్లు అనుకున్నాం కాబట్టి ఆ పావు టన్నుకు విలువ ఉంది.

ఇక అమ్మోనియా. ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే ఇది మన ఊరి కథ.

రామగుండంలో ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దేశంలో బొగ్గునే ముడిసరుకుగా కట్టిన ఎరువుల కర్మాగారాలు రెండు. ఒడిశాలోని తాల్చేరు ఒకటి, మనది రెండోది. సింగరేణి బొగ్గును మెత్తగా పొడి చేసి, ఆక్సిజన్‌తో గ్యాసుగా మార్చి, ఆ గ్యాసులోని హైడ్రోజన్‌ను గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా తీసేవారు, అమ్మోనియా నుంచి యూరియా. బొగ్గులో బూడిద, కరెంటు కోతలు, యంత్రాల మొండికేత అన్నీ కలిసి ఆ కర్మాగారాన్ని నిండుగా నడవనివ్వలేదు. 1999లో మూతపడింది. ఆ గేటు ముందు నిలబడి ఇంటికి ఏం చెప్పాలో తెలియక తిరిగివెళ్లిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటాక అదే నేల మీద రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ వచ్చింది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఈసారి ముడిసరుకు బొగ్గు కాదు, పైపులైనులో వచ్చే సహజవాయువు. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, దాని నుంచి 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం.

అమ్మోనియాలో కార్బన్ పరమాణువు లేదు. కాల్చితే కార్బన్ డయాక్సైడ్ రాదు. ఓడల వాళ్లు దాని మీద ఆశ పెట్టుకున్నది అందుకే. మైనస్ 33 డిగ్రీలకే ద్రవం అవుతుంది కాబట్టి ఎల్‌ఎన్‌జీ అంత చలి అక్కర్లేదు. దాన్ని సరుకుగా ఓడల్లో మోయడం కూడా కొత్త కాదు, ఏటా కోటిన్నర టన్నులకు పైగా సముద్రాల మీద ప్రయాణిస్తూనే ఉంది. సరుకుగా మోసినదాన్నే ఇంజనుకు పెట్టడం మాత్రమే కొత్త. దానికి తాత్కాలిక మార్గదర్శకాలను సముద్రయాన సంస్థ 2024 డిసెంబరులో ఆమోదించింది.

ఇక్కడ ఓడల యజమానులు ఒక మాట అంటుంటారు: ఇవాళ ఎల్‌ఎన్‌జీకి ట్యాంకు కడదాం, రేపు అమ్మోనియా చౌకగా దొరికితే అందులోనే పోద్దాం అని. వినడానికి బాగుంటుంది గానీ ట్యాంకు లోహం ఒప్పుకోదు. అయిదు శాతానికి మించి నికెల్ ఉన్న ఉక్కును అమ్మోనియా పగలగొడుతుంది. బయటికి ఏమీ కనబడదు. వెల్డింగ్ చేసిన చోట లోపల బిగుతు మిగిలి ఉంటే, అక్కడ వెంట్రుకంత పగులు మొదలై నెలల తరబడి లోతుకు పోతుంది. అంటే ఎల్‌ఎన్‌జీకి ప్రాణంలాంటి తొమ్మిది శాతం నికెల్ ఉక్కే అమ్మోనియాకు పనికిరాదు. రెండింటికీ పనికొచ్చేది తగిన రకం స్టెయిన్‌లెస్ స్టీలు, దాని ధర ఎక్కువ. బరువు సంగతి చూస్తే, 3,500 ఘనపు మీటర్ల ట్యాంకులో ఎల్‌ఎన్‌జీ సుమారు 1,600 టన్నులు పడుతుంది. అదే ట్యాంకు నిండా అమ్మోనియా అయితే 2,400 టన్నులు. పీటలు, పీటల కింద డెక్, డెక్ కింద దూలాలు మొదటి రోజే ఆ బరువుకు గీసి ఉండాలి. ఇత్తడి, రాగి, జింకు తగలకూడదు కాబట్టి వాల్వు దగ్గరి చిన్న బిళ్ల దాకా చూసుకోవాలి. అమ్మోనియాకు సిద్ధం అని ఓడ మీద రాసుకున్నంత మాత్రాన ఓడ సిద్ధం కాదు. కొనేవాడు లోహం పేరు అడగాలి, దూలాల లెక్క అడగాలి.

అమ్మోనియా పగులు నుంచి ఉక్కును కాపాడే ఉపాయం ఒకటి ఉంది, ఎరువుల కర్మాగారాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఒక శాతంలో అయిదో వంతు నీళ్లు కలపడం. అంతే. ఇంత చిన్న జ్ఞానం వెనక ఎన్ని ట్యాంకుల అనుభవం ఉందో ఆలోచించండి. గాలి చొరబడనివ్వకపోవడం, వెల్డింగ్ తర్వాత ట్యాంకును వేడి చేసి నెమ్మదిగా చల్లార్చి లోపలి బిగుతు తీయడం, ఇవన్నీ నేల మీద నేర్చుకున్న పాఠాలు. ఓడ వాటిని అప్పు తెచ్చుకుంటోంది.

సిబ్బంది గదులకు దగ్గరగా ట్యాంకు అన్నాను కదా, ఇప్పుడు ఆ మాటకు వద్దాం. మీథేన్ పేలుతుంది, కానీ ఊపిరితో విషమెక్కించదు. అమ్మోనియా అంత తేలిగ్గా అంటుకోదు, కానీ పది లక్షల భాగాల గాలిలో మూడు వందల భాగాలు ఉంటే చాలు, ప్రాణాల మీదకు వస్తుంది. ఘాటు చాలా ముందే ముక్కుకు తెలుస్తుంది, అది మన అదృష్టం. మామూలుగా గాలి కంటే తేలికైనదే అయినా, చల్లటి ద్రవం ఒక్కసారిగా చిమ్మితే తేమతో కలిసి తెల్లటి మబ్బులా నేలబారుగా పాకుతుంది. అంటే గ్యాసు కనిపెట్టే పరికరాలు పైనా పెట్టాలి, కిందా పెట్టాలి. బాపు మాట మళ్లీ గుర్తొస్తుంది. డెక్ మీద గాలి ఎటు వీస్తుందో చూసి, నివాసపు కిటికీలు, గాలి లోపలికి పీల్చే గొట్టాలు ఎటుండాలో తేల్చాలి. ఓడ లోపలికి వెళ్లే ఇంధనపు పైపు రెండు పొరలుగా ఉండాలి, ఆ పొరల మధ్య గాలిని గంటకు ముప్పై సార్లు మార్చాలి. పారిపోవడానికి సముద్రంలో చోటు లేదు. బాయిలో కూడా లేదు. బాయిలో పనిచేసేవాళ్లు నేర్చుకున్న క్రమశిక్షణ అంతా ఆ ఒక్క నిజం నుంచి పుట్టింది.

ఓడ ఇంధన ట్యాంకుల నిబంధనల్లో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. ఎల్‌ఎన్‌జీ ట్యాంకు, ఓడ ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడి ఉన్నా, పదిహేను రోజుల పాటు ఒత్తిడి పెరిగి వాల్వు తెరుచుకోకుండా తట్టుకోవాలి. ఆ పదిహేను రోజుల విలువ తెలియాలంటే 2020 మే 7 తెల్లవారుజామును గుర్తుచేసుకోవాలి. లాక్‌డౌన్‌తో వారాల తరబడి ఆగిపోయిన విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని పాలిమర్ల కర్మాగారంలో స్టైరిన్ ట్యాంకు వేడెక్కి, ఆవిరి ఊరి మీదకు వచ్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తిన మనుషులు రోడ్ల మీదే కూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. చల్లబరిచే ఏర్పాటు చాలలేదని, ట్యాంకు పై పొరల వేడిని కొలిచే ఏర్పాటే లేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. నడుస్తున్న ట్యాంకును అందరూ చూస్తారు. ఆగిపోయిన ట్యాంకును ఎవరు చూస్తారన్నదే డిజైన్ చేసేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇప్పుడు మన రామగుండం లెక్క ఒకటి వేద్దాం. ఇందాక అనుకున్న మహా ట్యాంకర్ అమ్మోనియాతో నడిస్తే రోజుకు 130 టన్నులు కావాలి. మన కర్మాగారం రోజుకు తీసే 2,200 టన్నులు అలాంటి ఓడలు పదిహేడింటికి సరిపోతాయి. ప్రపంచంలో ఇలాంటి మహా ట్యాంకర్లు సుమారు తొమ్మిది వందలున్నాయి. అందులో సగం మాత్రమే రోజూ కదులుతున్నా, వాటి కోసం రామగుండం లాంటి కర్మాగారాలు పాతిక పైనే కావాలి. మన అమ్మోనియా రైతు కోసం, అది రైతుకే చెందాలి. వానాకాలంలో యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడే రైతు నోటి దగ్గరిది ఓడకు పోయడానికి వీల్లేదు. ఓడల అమ్మోనియా వేరుగా పుట్టాలి.

ఎక్కడి నుంచి పుట్టాలి అన్నది ఇంకా ముఖ్యం. సహజవాయువు నుంచి తీసిన టన్ను అమ్మోనియా వెనక రెండు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, బొగ్గు నుంచి తీస్తే అంతకు రెట్టింపు. ఆ పొగను పట్టి భూమిలో దాచకపోతే, సముద్రం మీద పొగ తగ్గించి మన ఊళ్ల మీద పెంచినట్టే. బొగ్గుతో బతికిన ఇంటి బిడ్డగా ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు. కానీ బొగ్గు అమ్మోనియాను శుభ్రమైన ఇంధనమని చెప్పి మనకు ఎవరు ఆశ పెట్టినా, పొగను ఎక్కడ దాస్తున్నారని ముందు అడగాలి. ఎండతో, గాలితో పుట్టిన కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసిన అమ్మోనియాయే ఓడకు న్యాయమైన ఇంధనం. ఆ పని మన తెలుగు తీరంలోనే మొదలవుతోంది. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల కర్మాగారం ఆవరణలో ఏటా పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తీయాలని ఏఎం గ్రీన్ సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. దాన్ని కడుతున్నది ఎన్‌టీపీసీ. రామగుండంలో 2,600 మెగావాట్ల కేంద్రంలో బొగ్గు కరెంటు తీస్తూ, ఆ కేంద్రపు రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలించిన సంస్థ అది.

నా అభిప్రాయం దాచుకోను. పెద్ద ట్యాంకర్లకు చివరికి నిలిచేది అమ్మోనియాయే అనిపిస్తుంది. మూడింతల ట్యాంకును మోయగల ఖాళీ డెక్ ఉన్న ఓడ అదే. లోహం, పీటలు, పైపుల లెక్కలు తెలిసినవే. కొరత మనుషులది. విషవాయువు పక్కన ఏళ్ల తరబడి తప్పు చేయకుండా పనిచేయగల మనుషులు, చలి ఉక్కుకు వెల్డింగ్ చేయగల చేతులు, ఆ వెల్డింగ్‌ను ఎక్స్‌రే తీసి ఇది పనికిరాదు అని ధైర్యంగా చెప్పగల ఇన్‌స్పెక్టర్లు కావాలి. అలాంటి మనుషులు దొరికే చోటు ఈ దేశంలో ఏదని ఎవరైనా అడిగితే, బాయిల్లో గ్యాసు చూసినవాళ్లు, ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా చూసినవాళ్లు ఒకే ఊళ్లో ఉన్న గోదావరి ఒడ్డును చూపిస్తాను. భూగర్భ బాయిలు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. సర్దార్లు, ఓవర్‌మన్‌లు రిటైర్ అవుతున్నారు. వాళ్లతో పాటే ఆ దీపపు విద్య వెళ్లిపోకుండా ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో వాళ్లను పిలిపించి పాఠం చెప్పించమని ఇక్కడి విద్యాసంస్థల పెద్దలను కోరుతున్నాను. కాంట్రాక్టు కార్మికులతో సహా, అమ్మోనియా దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ ఈ ఊళ్లోనే ఉండాలి. దాని కోసం సంఘాలు, యాజమాన్యాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

మనవైపు సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 1948లో స్వతంత్ర భారతదేశపు తొలి పెద్ద ఓడ జల ఉష నీళ్లలోకి దిగిన విశాఖపట్నంలో, ఇవాళ ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఓడల రూపకల్పనను నేర్పుతోంది. గోదావరిఖనిలో, మంచిర్యాలలో, మందమర్రిలో, మంథనిలో ఈ ప్రసంగం వింటున్న తల్లులూ తండ్రులూ, మీ అమ్మాయో అబ్బాయో ఓడల ట్యాంకులు గీయడం నేర్చుకుంటానంటే, మనకు సముద్రం ఎక్కడిదని ఆపకండి, పంపించండి.